చిన్నవెంకటమ్మ తోడాకు

చింతమాకులపల్లి చిన్నవెంకటమ్మను సుమ మొట్టమొదట చూసింది జానెడు తెరిచిన తలుపు సందులో. కామసముద్రం దాటి, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ పల్లెలో, పట్టుపురుగులను పెంచే పెంకుటింటి ముందు సుమ నిలబడి ఉంది. తలుపు సందులో ముడుతలు పడిన ఒక ముఖమూ, దాని క్రింద తలుపును గట్టిగా పట్టుకొన్న ఒక చెయ్యీ కనిపించాయి.

“యాడ నుంచి వచ్చినావు?”

“రాబర్ట్‌సన్‌పేట, అవ్వా. బెంగళూరు ల్యాబులో పని చేస్తాను. పురుగులు ఎందుకు చస్తా ఉండాయో చూసేదానికి వచ్చినాను.”

“చచ్చినాక వచ్చినావు. బతికుండగా వచ్చింటే రెండు తట్టలకు ఆకన్నా ఏసిందువు.”

తలుపు మూయలేదు, అలాగని తెరవనూ లేదు. సుమ చెప్పులు విడిచి, గడప ప్రక్కన తొట్టిలో ఉన్న సున్నపు నీళ్ళతో కాళ్ళూ చేతులూ మోచేతుల దాకా కడుక్కొనేంత వరకు ఆ రెండు కళ్ళు కదలక చూశాయి. ఆ తరువాతనే లోపలికి దారి దొరికింది.

లోపల ఆకుపచ్చని మసక వెలుతురు. పైకప్పు దాకా వెదురు అరలు, అరలలో తట్టలు, తట్టలన్నీ ఖాళీ. నీటి అడుగున ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టినట్లు అనిపించింది సుమకు. ఆ నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం వలె లేదు. ఎవరో అప్పుడే మాట ఆపినట్లుగా ఉంది.

“పురుగులు ఆకు తినే చప్పుడు ఇన్నావా ఎప్పుడన్నా?”

“లేదవ్వా.”

“పెంకుల మీద తుంపర పడినట్లుంటాది. నా పెండ్లయిన నాటి నుంచి ఆ తుంపరలోనే నిద్ర పోయినాను. ఇప్పుడు కన్ను మూత పడేదే లేదు.”

సుమ వైరసుల వంశాలను చదివే మనిషి. ఆ సంవత్సరం కోలారు జిల్లా పల్లెలలో పట్టుపురుగులకు పేరు లేని రోగం ఒకటి వచ్చింది. పురుగు చక్కగా తింటుంది, చక్కగా పెరుగుతుంది. పొర విడిచే ముందు పడే, రైతులు జ్వరమని పిలిచే నిద్రలను నాలుగింటినీ దాటుతుంది. తీరా గూడు కట్టే ముందు తల పైకెత్తి, ఆకాశంలో ఏదో కనిపించినట్లు అలాగే నిలిచిపోయి, ఒక్క పోగైనా తీయకుండా చనిపోతుంది. చనిపోయిన పురుగులలో దొరికిన వైరసు అంతకు ముందు ఎవరూ ఎరిగినది కాదు. అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో కనుక్కొని రమ్మని, నష్టం మొదట వెలుగులోకి వచ్చిన ఈ పల్లెకు సుమను పంపించారు.

పల్లె మాత్రం ఆ విషయాన్ని అంతకు ముందే తేల్చివేసింది.

“ల్యాబూ గీబూ ఎందుకమ్మా,” అన్నాడు సొన్నప్ప తన ఇంటి అరుగు మీద కూర్చొని. “మా ఇంట్లో కోడలు కాలు పెట్టినాది. ఆ నెలలోనే పురుగు తల ఎత్తేసినాది. దీనికి మిషను కావల్నా? గని చీకటి కొంగున కట్టుకొని వచ్చినాది ఆ పిల్ల.”

ఆ పిల్ల పేరు గంగ. కోలారు బంగారు గనుల దగ్గర, పనివాళ్ళ వరుస ఇండ్లయిన కోరమండల్ లైనిళ్ళలో పుట్టి పెరిగింది. తాతల కాలంలో ఆంధ్ర పల్లెల నుంచి గనిపనికి వచ్చిన కుటుంబం. సొన్నప్ప కొడుకు మునేష్‌ను పెండ్లి చేసుకొని ఈ ఊరికి వచ్చింది. వచ్చిన నెలలో సొన్నప్ప ఇంటి పంట మొత్తం పోయింది. అటుపైన ఊరంతా పోయింది. అప్పటి నుంచి గంగను ఏ పురుగుల ఇంటి గడపా తొక్కనివ్వడం లేదు. ఆమెకు మిగిలిన చోటు ఆవుల కొట్టము.

ఆ కొట్టంలోనే సుమ ఆమెను కలిసింది. గంగ పాలు పితుకుతూ, ఆవు పొట్టకు తల ఆనించి, తిరిగి చూడకుండానే నవ్వింది.

“రాక్కా. కోరమండల్లో మా ఇంట్లో ఎలకలు నన్ను చూసి ఒక్కటన్నా భయపడలేదు. ఇక్కడ నా పేరు ఇంటే పురుగులు చచ్చిపోతా ఉండాయంట. ఎంత పెద్దదాన్ని అయిపోయినాను చూడు.”

“మునేష్ ఏమంటాడు?”

“ఏమంటాడు? వాళ్ళ నాయన ముందర గొంతు లేదు. కొత్త పురుగులు తెచ్చేలోపల నన్ను అమ్మ కాడికి పంపించేస్తారంట. మళ్ళా పిలుస్తారా అని అడిగినాను. పంట బాగా వస్తే చూస్తామన్నారు. బాగా వస్తే నేను పోయినందుకని అంటారు. రాకుంటే నేను వచ్చినందుకని అంటారు. లెక్క అర్థమయినాది కదా అక్కా?”

నవ్వు ఆగలేదు గాని, పాలధార ఒక క్షణం తప్పి నేల మీద పడింది.

ఆ సాయంత్రం సొన్నప్ప అరుగు ముందు నుంచి పోతూ చిన్నవెంకటమ్మ ఆగింది. “ఏరా సొన్నా, నువ్వు పుట్టిన ఏడు మీ నాయన ఎద్దు చచ్చినాది. నిన్ను యాడికీ పంపించలేదే?” సొన్నప్ప తల గోక్కుంటూ నవ్వేశాడు. ఆమె మాటకు ఎదురు చెప్పే మనిషి ఆ ఊరిలో లేడు. అయితే ఆమె మాటను పాటించిన మనిషీ లేడు.

ఎదురు చెప్పకపోవడానికి కారణం ఆమె చెయ్యి.

చిన్నవెంకటమ్మ సరిహద్దుకు ఆవలి పల్లెలో పుట్టింది. భర్త ఆదినారాయణప్ప కోరమండల్ గనిలో దిగేవాడు. సెలవు దొరికినప్పుడు ఇంటికి వచ్చి, వెలుతురుకు కండ్లు చికిలించుకొంటూ మల్బరీ చెట్టు నీడన పడుకొనేవాడు. గని మూతపడిన తరువాత శాశ్వతంగా ఇల్లు చేరాడు గాని, ఊపిరితిత్తులలోని దుమ్ము కూడా అతనితోపాటే వచ్చింది. ఎక్కువ కాలం ఉండలేదు. బిడ్డలు కలగలేదు. భర్త పోయిన ఆడదానిని, అందులోను బిడ్డలు లేనిదానిని, పెండ్లికి గాని పేరంటానికి గాని ఎవరూ పిలవరు కదా. ఆ ఊరూ పిలవలేదు. ఒక్క శుభకార్యానికి మాత్రం ఆమె లేనిదే సాగేది కాదు.

ఏ ఇంటికి కొత్త పురుగులు వచ్చినా, వాటికి మొదటి ఆకు చిన్నవెంకటమ్మ చేతితోనే వెయ్యాలి. ఆమె హస్తవాసి అటువంటిదని ఊరి నమ్మకం. అత్త నరసమ్మ నుంచి ఆమెకు వచ్చిన పని అది. ఋతువు మొదట్లో ఆమె తన ఇంటి పురుగులకు, వాకిట్లోని పాత మల్బరీ చెట్టు ఆకు వేస్తుంది. ఊరిలో తక్కిన మల్బరీ అంతా నడుము ఎత్తున కత్తిరించిన తోటలే. నరసమ్మ నాటిన ఆ ఒక్కటే కొడవలి తగలక మానుగా పెరిగింది. తరువాత ప్రక్క ఇంటికి పురుగులు వచ్చిన నాడు, తన తట్టలో ఏపుగా పెరుగుతున్న పురుగులు సగం కొరికిన ఆకును ఒకదానిని పసుపు పూసిన చేతిలో పెట్టుకొని పోయి, ఆ ఇంటి పిల్లపురుగుల మీద పరుస్తుంది. ఆ ఇల్లు పచ్చగా ఉన్నప్పుడు అక్కడి నుంచి ఇంకొక కొరికిన ఆకు మూడవ ఇంటికి పోతుంది. ఒక ఇంటి కలిమి మరొక ఇంటికి అందాలని. పాలకు తోడు వేసినట్లు పంటకు పంట తోడు. దానిని తోడాకు అంటారు. దారిలో ఆ చేతిని కడుక్కోకూడదు. కడిగితే కలిమి నీళ్ళపాలవుతుందని నరసమ్మ చెప్పిపోయింది. పరాయివాళ్ళను సున్నపు నీళ్ళు లేనిదే గడప దాటనివ్వని చిన్నవెంకటమ్మ, ఆ ఒక్క నడకలో తన చేతికి నీటిచుక్క తగలకుండా కాపాడుకొనేది.

ఇది విన్నప్పుడు సుమ ముచ్చటపడింది. అంతకు మించి ఆలోచించలేదు. ఇల్లిల్లూ తిరిగి ఎండిన పురుగులను చిన్న గొట్టాలలో సేకరించింది. తిరుగుప్రయాణానికి సిద్ధపడుతుంటే చిన్నవెంకటమ్మ వాకిట్లోని చెట్టు కొమ్మను వంచి, చుట్టలుగా ముడుచుకొన్న ఆకులు కొన్ని త్రుంచి ఇచ్చింది. వాటిలో ఆకుచుట్టు పురుగులు, ఆకును చుట్టుకొని తినే అడవిజాతివి, నల్లబడి ఉన్నాయి.

“ఈ ఏడు వానలకు ఇవి బలిసినాయి. ఇవీ తలెత్తి చస్తా ఉండాయి. వీటినీ తీసుకుపో. పాపం, వీటి గురించి అడిగేవాళ్ళు ఎవరుండారు?”

బస్సు వచ్చేలోగా ఆమె ఇంకొకటి అడిగింది. “ఇన్ని చచ్చిన పురుగుల్ని చూసి, ముందు యాడ మొదలయిందో ఎట్ల చెప్తావు పాపా?”

సుమ చెప్పింది. వైరసు అంటే ఒక చిన్న వ్రాత వంటిది. పురుగు లోపలికి పోయి తనను తాను తిరిగి తిరిగి వ్రాసుకొంటుంది. వ్రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. మారిన అక్షరం దాని బిడ్డలకూ, బిడ్డల బిడ్డలకూ పోతుంది. ఆ వ్రాతను మొదటి నుంచి చివరి వరకు చదివి ఇంటింటి దానినీ ప్రక్కప్రక్కన పెడితే, ఏది తల్లో ఏది బిడ్డో తెలుస్తుంది.

చిన్నవెంకటమ్మ కొంచెం సేపు నమిలినట్లు ఆలోచించింది. “హనుమప్ప పెండ్లాం పెరుగు జిగురుగా సాగతాది. ఆ జిగురు ఇంకో ఇంట్లో కనిపిస్తే తోడు యాడ నుంచి పోయిందో అడిగే పని లేదు. అంతే కదా?”

“అంతే అవ్వా.”

“అట్లయితే ఆ పిల్ల కాలు కాదని నీ మిషను చెప్తాదా?”

“ఉండేదే చెప్తాది. మనకు కావల్సింది చెప్పదు.”

“అదే మేలు,” అంది చిన్నవెంకటమ్మ. “మనుషులు కావల్సిందే చెప్తారు.”

ల్యాబులో ఆ తరువాతి రోజులు సుమకు కలలో నడిచినట్లు గడిచాయి. వేడినీళ్ళలో నానిన పట్టుగూడు నుంచి పోగు వచ్చినట్లు, యంత్రం నుంచి అక్షరాలు తెగకుండా వస్తూనే ఉన్నాయి: నాలుగే అక్షరాలు, వేల వరుసలుగా. చూస్తూ చూస్తూ ఉంటే కండ్లు అలసి, ఆ అక్షరాలు ఆకులయ్యేవి, ఆకుల మీద తుంపర పడేది. ఒక మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు, చిన్నతనంలో రాబర్ట్‌సన్‌పేట మేడ మీద నుంచి చూసిన సైనైడు దిబ్బలు కనిపించాయి. గని కడుపులోని రాతిపిండి, గాలికి పొగ వలె లేచే తెల్లని కొండలు. వాటి మీద ఒక ముసలామె నడుస్తోంది, చేతిలో పచ్చని ఆకుతో. ఆమె అడుగులు పడిన చోటల్లా ఒక ఇల్లు మొలుస్తోంది. సుమ వెనుక నుంచి పిలిచింది గాని, ఆమె ఆకు చెయ్యి జారకూడదన్నట్లు తల త్రిప్పలేదు.

మెలకువ వచ్చేసరికి తెర మీద వంశవృక్షం పూర్తయి ఉంది. సుమ దానిని చాలాసేపు చూసింది. ఇండ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. ప్రక్కప్రక్క ఇండ్లు అని కాదు, ఒకే తోటలో ఆకు కొన్నవాళ్ళు అని కాదు. వేరే ఏదో వరుస. కలలోని ముసలామె అడుగులు జ్ఞాపకం వచ్చాయి.

ఆమె మళ్ళీ పల్లె చేరిన ఉదయం మంచు ఇంకా విడిపోలేదు. మామిడితోటలు గాలిలో తేలుతున్నట్లున్నాయి. పురుగుల ఇంట్లో చిన్నవెంకటమ్మ తట్టలను కడిగి, నేల మీద సున్నపు పొడి చల్లుతోంది. కొత్త పురుగులు రావడానికి ఇక ఎంతో వ్యవధి లేదు. సొన్నప్ప ఇంటి ముందు గంగ పెట్టె అప్పుడే సర్ది పెట్టి ఉంది.

“గంగ కాదు అవ్వా,” అంది సుమ ముందుగా. “వాళ్ళ ఇంట్లో దొరికిన వైరసు అన్నిటికన్నా చిన్న బిడ్డ. దాంట్లో అన్ని ఇండ్ల మార్పులూ ఉండాయి. మిగతా ఇండ్లు దాటినాకే వాళ్ళింటికి చేరింది. ముందు ఇండ్లల్లో గూళ్ళు కొంచెం పలచబడినాయి, అంతే. మబ్బు వల్ల అనుకున్నారు. వాళ్ళింట్లో పూర్తిగా పోయింది కాబట్టి కంటికి కనిపించింది.”

చిన్నవెంకటమ్మ ముఖం విచ్చుకొంది. “ఇంగ ఆ పెట్టె విప్పమని చెప్తాను ఉండు.”

“ఇంకా ఉండాది అవ్వా.”

సుమ మోకాళ్ళ మీద కూర్చొని, సున్నపు పొడిలో వేలితో గీత గీసింది. గీత నుంచి ఒక కొమ్మ. “ఇది హనుమప్ప ఇల్లు.” ఇంకొక కొమ్మ గీయబోయే లోపలే పై నుంచి మాట వినిపించింది.

“తర్వాత గోపాలప్ప ఇల్లు.”

సుమ తల ఎత్తలేదు. గీసింది.

“తర్వాత రామాంజినప్పది. ఆమీద పడమటింటోళ్ళది. కడాన సొన్నప్ప ఇల్లు.” ఆమె గొంతులో తొట్రుపాటు లేదు. “నేను నడిచిన దావే కదా పాపా ఇది.”

బయట ఎక్కడో ఆవు అరిచింది. చిన్నవెంకటమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

“మొదలు యాడ?”

“చెట్టు ఆకుల్లో చుట్టుకొన్న పురుగులు ఇచ్చినావే, వాటిల్లో. ఒక్క మార్పూ లేని తల్లి అక్కడే ఉండాది. ఎన్నేండ్ల నుంచి ఉండాదో ఎవరికి తెలుసు. ఈసారి వానలకు ఆ పురుగు ఎక్కువయి, ఆ ఆకు మీద నుంచి నీ తట్టలోకి దాటింది. నీ తట్టలో నుంచి తోడాకులో పోయింది. అప్పటికి పురుగు చూసేదానికి పచ్చగానే ఉంటాది అవ్వా. ఎవరికీ తెలిసే దావ లేదు.”

ఆమె తన కుడి చేతిని ఒడిలో పెట్టుకొని, నిద్రపోతున్న బిడ్డను చూసినట్లు చూసుకొంది. ఊరు ఆమెను మంగళానికి పిలిచిన ఒకే ఒక కారణం ఆ ఒడిలో ఉంది.

సుమ దారి పొడవునా కూర్చుకొన్న మాటలు త్వరత్వరగా చెప్పింది. “అడవి పురుగు నుంచి వచ్చిందని చెప్తాను, చాలు. గంగ మీద మాట పోతాది. ఇక మీదట అందరూ చెయ్యి కడుక్కొని ఎవరింట్లో వాళ్ళు ఆకు వేసుకోండి అని చెప్తాను. తోడాకు గురించి ఊర్లో చెప్పే పని లేదు.”

“పిచ్చిదానా,” అంది చిన్నవెంకటమ్మ మెల్లగా. “పురుగు నుంచి వచ్చిందంటే, ఆ పురుగు ఎందుకొచ్చినాదంటారు. ఎవరి కాలు పడి వచ్చినాదంటారు. ఆ కాలు యాడుండాదో వాళ్ళకు ముందే తెలుసు. పిల్లని పంపించి, దిష్టి తీసేదానికి మళ్ళా నన్నే పిలుస్తారు. నేను మళ్ళా ఆకు పట్టుకొని ఇల్లిల్లూ నడుస్తాను.”

“నువ్వే చెప్పు మరి. నీ మాట వింటారు.”

“నేను చెప్తే ఏమంటారో తెలుసునా? ముసల్ది మంచిది, కోడలిపిల్లని కాపాడేదానికి నింద నెత్తినేసుకుంటా ఉండాదంటారు. ఇంకా రెండు దండాలు ఎక్కువ పెడతారు.” ఆమె నవ్వింది. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉన్నట్లు సుమకు తోచింది. “నువ్వు చెప్తే నమ్మతారు. నీకు నా మీద ప్రేమా లేదు, పగా లేదు కదా.”

మొదటి మాట నిజం కాదని చెప్పాలనిపించింది సుమకు.

ప్రొద్దుటి పాలు పోసే వేళకు ఊరంతా డెయిరీ ముందు చేరింది. క్యాన్ల మూతల చప్పుడు, పాల నురుగు వాసన, మంచులో సగం కనిపించే మనుషులు. గోపాలప్ప బీడీ ఆర్పి ముందుకు వచ్చాడు. సొన్నప్ప వచ్చాడు, చేతులు కట్టుకొని. అందరికీ వెనుక, గోడకు ఆనుకొని గంగ, ఖాళీ క్యానును రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. చిన్నవెంకటమ్మ సుమ ప్రక్కకు వచ్చి నిలిచింది. తోడాకు నాడు ఉండే పసుపు ఆ ఉదయం ఆమె చేతికి లేదు.

సుమ చెప్పడం మొదలుపెట్టింది. క్రొత్త వైరసు గురించి చెప్పింది. అది మల్బరీ ఆకును చుట్టుకొనే పురుగులలో పుట్టి పట్టుపురుగులోకి ఎట్లా దాటిందో చెప్పింది. అక్షరాలు మారే వైనాన్ని పెరుగు తోడుతో పోల్చి చెప్పినప్పుడు ఆడవాళ్ళు తలలు ఊపారు. హనుమప్ప పెండ్లాం, “మా పెరుగు పేరు ఎవరన్నా ఎత్తితే ఊరుకోను,” అని గొణిగితే నలుగురు నవ్వారు.

“ఇండ్లల్లోకి అది తానుగా రాలేదు,” అంది సుమ. “కొరికిన ఆకు మీద వచ్చింది. ఆ ఆకును ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఒకరు తెచ్చినారు. ఒక చేతి మీదుగా...”

అక్కడ మాట ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు రాలేదు. ఆ ఒక్క క్షణపు నిశ్శబ్దంలో ఊరు ఊరంతా తల త్రిప్పి, గోడ దగ్గర క్యాను పట్టుకొని ఉన్న గంగ చేతుల వైపు చూసింది.

అప్పుడు సుమ మోచేతి మీద ఒక అరచెయ్యి వచ్చి నిలిచింది. ఎండిన ఆకు వలె తేలికగా, వెచ్చగా.

“ఎవరి చెయ్యో చెప్పు, పాపా.”